పీర్ల పండుగ నాలుగు రోజులు: వలస కూలీల హెచ్‌ఐవీ మందుల పనిలో నా అనుభవం

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలింగ్ టేబుల్ మీద ఒక క్యాలెండర్ ఉంటే ఎక్కడైనా సరిపోతుంది. పాలమూరులో మూడు కావాలి. ఇంగ్లీషు తేదీలది ఒకటి, కార్తెలది ఒకటి, పీర్ల పండుగ ఎప్పుడో చెప్పేది ఒకటి. మందు ఇచ్చే మేము మొదటిదాని ప్రకారం నడుస్తాం. మందు మింగేవాళ్లు మిగతా రెండింటి ప్రకారం నడుస్తారు. మా పనిలో సగం తిప్పలు అక్కడే మొదలవుతాయి.

దసరా, దీపావళి దాటినాక నారాయణపేట, మక్తల్, కోస్గి, కొడంగల్ వైపు నుంచి, అటు దేవరకొండ తండాల నుంచి గుంపులు కదులుతాయి. ముంబై, పుణె, లేదంటే ఎక్కడ కాలువ పని, రోడ్డు పని ఉంటే అక్కడికి. మళ్లీ మృగశిర కార్తెకు, అంటే జూన్ 7, 8 తేదీలకు అటూఇటూగా, విత్తనాల వేళకు ఊరు చేరతారు. లెక్క వేస్తే ఏడు నెలలు, 210 గోలీలు. నిలకడగా మందు వాడుతున్న మనిషికి కూడా మేం ఒకేసారి ఇచ్చేది మూడు నెలలది, 90 గోలీలు. దీపావళికి ఇచ్చినవి సంక్రాంతి దాటి కొన్నాళ్లకే ఖాళీ అవుతాయి. తర్వాత 120 గోలీలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే అసలు ప్రశ్న.

ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. 2017 నుంచి సీడీ4 కణాలు (ఒంటి రోగనిరోధక శక్తిని చూపేవి) ఎన్ని ఉన్నా, పాజిటివ్ అని తేలితే చాలు, మందు మొదలుపెడతారు. ఇప్పుడు ఎక్కువ మందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఒకే గోలీలో ఉంటాయి, రోజుకు ఒకటి. హైదరాబాద్‌లో ఏసీ గదిలో పనిచేసే మనిషికీ, ముంబైలో రేకుల షెడ్డులో పడుకునే మనిషికీ అదే డబ్బా. అయినా ఒకరి రక్తంలో వైరస్ కనబడకుండా పోతుంది, మరొకరు రెండేళ్ల తర్వాత టీబీతో స్ట్రెచర్ మీద వస్తారు. మందులో తేడా లేదు కాబట్టి తేడా ఎక్కడుందో వెతకాలి.

మొదటి గండి పరీక్ష దగ్గరే పడుతుంది. తండాలో, కూలీల అడ్డా దగ్గర క్యాంపు పెట్టి వేలి చుక్క రక్తంతో చేసేది వడపోత పరీక్ష మాత్రమే. అందులో గీత వచ్చినంత మాత్రాన పాజిటివ్ అని చెప్పకూడదు. ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రానికి పంపి, మూడు వేర్వేరు కిట్లతో చూసి, అప్పుడు చెప్పాలి. క్యాంపు పెట్టిన రోజే రాత్రి బస్సు ఉంటే ఆ మనిషి ఐసీటీసీ మొహం చూడకుండానే వెళ్లిపోతాడు. అందుకే దసరాకు ముందు వారంలో పెట్టే క్యాంపుల మీద నాకు నమ్మకం తక్కువ. మృగశిరకు వచ్చినాక, విత్తనాలు వేసి వానకు ఎదురు చూసే రోజుల్లో పెట్టిన క్యాంపు నుంచి ఎక్కువ మంది రెండో మెట్టు దాకా వస్తారు.

భాష ఇంకో గండి. తండా పెద్దవాళ్లకు తెలుగు అర్థమవుతుంది, కానీ ఒంట్లో సంగతి చెప్పుకోవాలంటే లంబాడీల భాష గోర్ బోలిలోనే మాట వస్తుంది. పక్కన వచ్చిన అల్లుడినో, మేస్త్రినో, చదువుకున్న పిల్లనో దుబాసీగా కూర్చోబెట్టడం తేలిక. తేలికే గాని తప్పు. సాయంత్రానికి తండాకంతా తెలుస్తుంది, ఆ మనిషి మళ్లీ మన గడప తొక్కడు. 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, మనిషి ఒప్పుకోకుండా ఈ సంగతి బయటపెట్టడం నిషేధం కూడా. వేరే తండా నుంచి వచ్చిన, బంధుత్వం లేని, ఇదే మందు వాడుతున్న మనిషి దొరికితే అంతకన్నా మంచి దుబాసీ లేడు. దొరక్కపోతే వచ్చీరాని మాటల్లో అయినా సరే, ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడడమే మేలు.

నమోదు రోజు అడిగేవి ఐసీటీసీ రిపోర్టు, ఫోటో, చిరునామా కాగితం, ఫోన్ నంబరు. ఆధార్ మేస్త్రి దగ్గర ఉండిపోయిందనో, ముంబై గదిలో ఉందనో చాలామంది చెబుతారు. కాగితం తర్వాత తెచ్చుకోవచ్చు, మందు ఆగకూడదు. రక్తం, క్రియాటినిన్, లివర్, షుగర్, హెపటైటిస్ బి, సి, సీడీ4 చూస్తారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయేమో ప్రతిసారీ అడగాలి. నాలుగింట్లో ఏ ఒక్కటున్నా ముందు టీబీ సంగతి తేలాలి. బండ కొట్టే పని, సిమెంటు పని చేసేవాళ్లు దగ్గును లెక్కలోకి తీసుకోరు. "దుమ్ముకు వచ్చే దగ్గే" అంటారు. మేమూ అదే మాట నమ్మితే మోసపోతాం. టీబీ ఉంటే దాని మందులు మొదలైన రెండు వారాల్లోపు ఏఆర్‌టీ మొదలవుతుంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి టీబీ మందులు నడిచినన్ని రోజులు, అవి ఆగాక ఇంకో రెండు వారాలు టీఎల్‌డీ గోలీ వేసిన పన్నెండు గంటలకు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల గోలీ ఇంకొకటి వేసుకోవాలి. ఊరు మారినప్పుడు ముందుగా జారిపోయేది ఈ రెండో గోలీయే. బదిలీ కాగితం మీద టీఎల్‌డీ అని రాసి, ఇది రాయడం మరిచిపోతారు.

హెపటైటిస్ బి ఉన్నవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ దాని మీదా పనిచేస్తాయి. అందుకే మందు ఠక్కున ఆపేస్తే హెచ్‌ఐవీ పెరగడం ఒక్కటే కాదు, కాలేయం వాచి కామెర్లు కూడా రావచ్చు. "రెండు నెలలు ఆపి మళ్లీ వేసుకుంటా" అనేవాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిందే.

మొదటి నెల 30 గోలీలు ఇచ్చి, ఖాళీ అయినా కాకపోయినా డబ్బాతో రమ్మంటాం. టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, డబ్బా వంచి, రెండేసి చొప్పున లెక్కబెడతాం. 28 రోజుల తర్వాత వచ్చిన మనిషి డబ్బాలో రెండు ఉండాలి. ఐదు ఉన్నాయంటే 28కి 25 వేసుకున్నట్టు, 89 శాతం. 95కు తగ్గకూడదన్నది మా లెక్క. నెలకు ఒకటి తప్పితే 95 నిలుస్తుంది, రెండు తప్పితే నిలవదు. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోవాలి. డబ్బాలో ఒక్క గోలీ కూడా ఎక్కువ లేకుండా సరిగ్గా లెక్కకు వచ్చిన ప్రతివాళ్లూ వేసుకున్నారనుకోవద్దు. తిడతారని భయపడేవాళ్లు మిగిలిన గోలీలు బస్టాండు చెత్తకుండీలో పడేసి వస్తారు. అందుకే లెక్క సంగతి ముందు ఎత్తకుండా, మాట కలిపాక అడుగుతాం. "పోయిన వారం ఏ రోజు కుదరలేదు?" అంటే జవాబు వస్తుంది. "అన్నీ వేసుకున్నవా?" అంటే తల ఊపుతారు, అంతే.

డబ్బా గురించి రెండు మాటలు. మీద కాగితం ఉంటే గదిలోవాళ్లు చదువుతారని చాలామంది గోలీలను పాన్‌పరాగ్ కవర్‌లాంటి ప్లాస్టిక్ సంచిలో పోసుకుంటారు. పది మంది ఉండే గదిలో వాళ్ల భయం నిజమే. కానీ డబ్బాలో ఉండే చిన్న సంచి తేమను పీల్చేందుకు పెట్టింది. ముంబై వానల్లో కవర్లోని గోలీలు మెత్తబడి రంగు మారతాయి. మేం చెప్పేది ఒకటే. కావాలంటే డబ్బా మీది కాగితం నానబెట్టి పీకేయండి, గోలీలు మాత్రం అందులోనే ఉంచండి, లోపలి సంచి పారేయకండి, రేకు కప్పుకు ఆనించి పెట్టకండి. పనికి పోయేటప్పుడు వారం గోలీలు చిన్న మూత డబ్బీలో వేసుకుంటే చాలు.

వేళ సంగతి ఇప్పుడు మునుపటి కంటే నయం. ఎఫావిరెంజ్ అనే పాత మందు ఉన్న రోజుల్లో గోలీ వేసుకుంటే తల తిరిగేది, పీడకలలు వచ్చేవి, పడుకునే ముందే వేసుకోమనేవాళ్లం. నల్లగొండ వైపు నుంచి భివండికి పోయిన సాంచల (మరమగ్గాల) కార్మికులకు అది కుదిరేది కాదు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి పన్నెండు గంటలు మగ్గం ముందు నిలబడేవాళ్లు తల తిరిగే గోలీ వేసుకుంటే వేళ్లు పోతాయి. మానేసేవాళ్లు. టీఎల్‌డీకి ఆ బాధ చాలా తక్కువ. అన్నంతోనైనా, ఖాళీ కడుపునైనా వేసుకోవచ్చు. గడియారానికి కాకుండా రోజూ తప్పని ఒక పనికి కట్టాలి, పొద్దున మొదటి చాయ్‌కి కడితే ఎక్కువ మందికి నిలుస్తుంది. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి గోలీకి నాలుగు గంటలే ఉంటే వదిలేయాలి. రెండు కలిపి వేసుకోకూడదు.

అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న అసిడిటీ గోలీలు, ఐరన్, కాల్షియం డోలుటెగ్రావిర్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వవు. వాటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ మన గోలీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే అన్నంతో పాటు కలిపి వేసుకున్నా ఫరవాలేదు. ఆ అసిడిటీ గోలీలకు ఆ వెసులుబాటు లేదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పాలి, రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. ఇక మా దగ్గర ఎక్కువగా వినబడే మాట వేరే ఉంది: "కల్లు తాగిన పొద్దు గోలీ వేస్కుంటే పానం ఖరాబైతదంట గద సారూ." కాదు. కల్లు తాగమని చెప్పం, కానీ తాగిన రోజు కూడా గోలీ వేసుకోవాల్సిందే. ఈ ఒక్క అపోహ వల్ల పండుగ వారమంతా గోలీలు మానేసినవాళ్లను లెక్కలేనంతమందిని చూశాం.

ఇప్పుడు బదిలీ దగ్గరికి వద్దాం. పోయే ముందు మనిషి వచ్చి "ముంబై పోతున్న" అంటే, సోచ్ అనే కంప్యూటర్ వ్యవస్థలో అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌కు బదిలీ పెడతాం, కాగితం ఇస్తాం. చెప్పడానికి రెండు నిమిషాలు. అడగాల్సింది ముంబైలో ఎక్కడ అని. ముంబై నగరానికి ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ వేరుగా ఉంది, భివండి ఠాణే జిల్లాలోది, మహారాష్ట్ర సొసైటీ కిందికి వస్తుంది. జేజే, సయన్, కేఈఎం, నాయర్ ఆస్పత్రుల్లో ఏఆర్‌టీ సెంటర్లున్నాయి. కూలీకి సొసైటీల పేర్లతో పని లేదు, అతనికి తెలిసింది నాకా (కూలీల అడ్డా) పేరు, రైలు స్టేషన్ పేరు. స్టేషన్ పేరు అడిగి, దాని దగ్గరి సెంటర్ ఏదో మనమే చూసి పెట్టాలి. మేస్త్రి ఎక్కడికి తీసుకుపోతాడో ఇంకా తెలియదంటే బదిలీ తొందరపడి పెట్టకూడదు. మూడు నెలల మందు ఇచ్చి, అక్కడ దిగిన వారంలో స్టేషన్ పేరు ఫోన్‌లో చెప్పమనాలి, అప్పుడు పెట్టాలి. తప్పు సెంటర్‌కు బదిలీ చేస్తే ఇక్కడి జాబితాలోనూ ఉండడు, అక్కడి జాబితాలోనూ చేరడు.

కాగితం మీద ఉండాల్సినవి: ఏఆర్‌టీ నంబరు, ఏ మందు, ఎప్పుడు మొదలైంది, ఇంతకుముందు వేరే మందు వాడి మార్చారా, చివరి సీడీ4, చివరి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) తేదీతో సహా, టీబీ ఉందా, హెపటైటిస్ బి ఉందా, చివరిసారి ఎన్ని గోలీలు ఇచ్చాం. చివరిది చూసే అవతలివాళ్లు ఎప్పటి నుంచి మందు ఇవ్వాలో లెక్క వేస్తారు. కాగితానికీ, మనిషి దగ్గరుండే, మందుల వివరాలు రాసే పచ్చ పుస్తకానికీ అతని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టాలి. కాగితాలు పోతాయి, నానిపోతాయి, గదిలో ఎవరైనా చూస్తారని భయపడి చింపేసేవాళ్లూ ఉన్నారు.

అవతల ఏం జరుగుతుందంటే, సెంటర్ పొద్దున తెరిచి మధ్యాహ్నానికి మూసేస్తారు. ఆ రోజు కూలీ పోతుంది. మొదటిసారి వెళ్తే స్థానిక చిరునామా కాగితం తెమ్మంటారు. రెండోసారి వెళ్తే డాక్టరు లేరంటారు. మూడోసారి మనిషి పోడు. ఒక పెద్ద నగరంలోని సెంటర్‌లో ఇలా మూడుసార్లు తిప్పిన కేసు మేం ఫోన్‌లో వెంటపడి పరిష్కరించేసరికి గోలీలు అయిపోయి నలభై రోజులు గడిచాయి. అప్పుడు తెలిసొచ్చింది, బదిలీ పెట్టి ఊరుకోకుండా అవతల చేర్చుకున్నట్టు కంప్యూటర్‌లో కనబడేదాకా ఆ పేరు మా చేతిలోనే ఉన్నట్టు లెక్క అని. దార్లో ఉన్న మనిషి ఏ ఏఆర్‌టీ సెంటర్‌లోనైనా పచ్చ పుస్తకం చూపించి నెల రోజుల మందు తీసుకునే ఏర్పాటుంది. ఇది కూలీలకు తెలియదు, కొన్నిచోట్ల కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లకూ తెలియదు. అడ్డం వస్తే 1097కు ఫోన్ చేయమంటాం, డబ్బులు పడవు.

అన్నిటికన్నా ప్రమాదమైనది ఇంకోటి. తిప్పలు పడలేక కొందరు అక్కడ కొత్తగా, వేరే పేరుతో రక్తపరీక్ష చేయించుకుని కొత్త మనిషిలా నమోదవుతారు. మందు దొరుకుతుంది, కాబట్టి వాళ్ల దృష్టిలో పని అయిపోయింది. కానీ పాత చరిత్ర పోయింది. ఇక్కడ మొదటి వరస మందు పనిచేయక రెండో వరసకు మార్చిన మనిషికి, అక్కడ మళ్లీ మొదటి వరస మొదలుపెడతారు. వైరస్ ఆగదు. ఎందుకు ఆగడం లేదో ఎవరికీ తోచదు. అందుకే "నీకు ఏ పేరుతో అయినా రాసుకోనీ తమ్మీ, కాని ఇంతకుముందు వాడిన మందు పేరు మాత్రం దాచకు" అని చెప్పి పంపుతాం.

మందు అయిపోయి 28 రోజులు దాటినా రాకపోతే మా జాబితాలో తప్పిపోయిన మనిషి అవుతాడు, వెతకాలి. ఇంటికి పోవడం చివరి మాట. తండాలో కొత్త మనిషి అడుగు పెడితే అందరికీ తెలుస్తుంది. మొదట ఫోన్. ఆ ఫోన్ ఎవరెత్తుతారో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. నా నంబరు చాలామంది ఫోన్లలో టైలర్ అనో, ఎరువుల దుకాణం అనో ఉంటుంది. "బట్టలు తయారైనయి" అంటే రిపోర్టు వచ్చిందని అర్థం. నవ్వులాటగా మొదలైన పద్ధతే, ఇప్పుడు నాకు దానికన్నా నమ్మకమైనది లేదు.

దగ్గర్లో సెంటర్ పెడితే అందరూ వస్తారనుకోవడం మా పొరపాటు. పెద్ద సెంటర్‌కు అనుబంధంగా మందులిచ్చే లింక్ ఏఆర్‌టీ సెంటర్ పక్క మండలంలోనే ఉన్నా, అదే బస్సులో ఊరివాళ్లు ఉంటారని దాన్ని దాటి హైదరాబాద్ పోయేవాళ్లున్నారు. ఆసరా (ఇప్పుడు చేయూత) పెన్షన్ వస్తుందని తెలిసి కూడా, ఏ కోటాలో వచ్చిందో ఊరికి తెలుస్తుందని దరఖాస్తు పెట్టని ఒంటరి ఆడవాళ్లున్నారు. దూరం కిలోమీటర్లలో ఉంటే బస్సు పాసుతో తీరేది.

వైరల్ లోడ్ మందు మొదలైన ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, తర్వాత ఏడాదికోసారి చూడాలి. ఊదారంగు మూత గొట్టంలో తీసిన రక్తం నుంచి 24 గంటల్లోపు ప్లాస్మా వేరు చేసి చల్లగా పంపాలి. అందుకని శాంపిల్ తీసే రోజు, వేళ ముందే ఖరారై ఉంటాయి. ఇక్కడే పీర్ల పండుగ క్యాలెండర్ పనికొస్తుంది. ముంబైలోనే ఏడాదంతా ఉండిపోయినవాళ్లు కూడా పీర్లకు ఊరికి వస్తారు, నాలుగైదు రోజులుంటారు. చాంద్రమానం కాబట్టి పండుగ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో జూలై 29, 2024లో జూలై 17, 2025లో జూలై 6. నిరుటి తేదీ చూసి ఈ ఏడు శాంపిల్ రోజు పెడితే గుండం ఆరిపోయి, మనిషి బస్సెక్కి పోయుంటాడు. నెల ముందే ల్యాబ్‌తో మాట్లాడి ఆ వారంలో రెండు రోజులు అడుగుతాం. వైరల్ లోడ్ మిల్లీలీటరుకు 1000 కాపీలు, ఆ పైన వస్తే వెంటనే మందు మార్చరు. మూడు నెలలు గోలీలు తప్పకుండా వేసుకునేట్టు చూసి, మళ్లీ పరీక్ష చేస్తారు. డోలుటెగ్రావిర్‌కు వైరస్ లొంగకపోవడం అరుదు, ఎక్కువసార్లు గోలీ కడుపులోకి పోకపోవడమే కారణం. ఆ మూడు నెలలు మనిషి ఎక్కడుంటాడు? మళ్లీ ముంబైలో. అందుకే పీర్లకు చేసిన పరీక్షలో వైరల్ లోడ్ ఎక్కువ వచ్చినవాళ్ల పేర్లు వేరే కాగితం మీద రాసుకుని, రెండో పరీక్ష అవతలి సెంటర్‌లో చేయించే బాధ్యత ఫోన్ మీదే మోస్తాం.

ఆడవాళ్ల దగ్గర వరస తిరగబడుతుంది. భర్త ముంబైలో ఉంటాడు, గర్భిణి పరీక్షలో ముందు ఈమె బయటపడుతుంది, నింద ముందు ఈమె మీద పడుతుంది. భర్తను పరీక్షకు రప్పించేలోపు అత్తవారింట్లో ఎవరికీ చెప్పకుండా మందు మొదలుపెట్టాలి. బిడ్డ పుట్టాక ఆరు వారాలు నెవిరాపిన్ సిరప్, ఆరో వారంలో మడమ నుంచి తీసిన చుక్కల రక్తం పరీక్ష, మళ్లీ ఆరో నెలలో, పన్నెండో నెలలో, 18 నెలలకు చివరి ఖరారు పరీక్ష. పురుడు ఊళ్లో పోసుకుని మూడో నెలకు బిడ్డతో ముంబై పోయే తల్లి దగ్గర మొదటి పరీక్ష దొరుకుతుంది, మిగతావి దొరకవు. బిడ్డ టీకాల కార్డు వెనక ఆ తేదీలు రాసి ఇస్తాం. ఏ పరీక్షకన్నది రాయం, తేదీ మాత్రమే.

ఇదంతా మనవాళ్లు బయటికి పోయినప్పటి కథ. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే బీహారు హమాలీలు, ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు మన దగ్గర సరిగ్గా అదే స్థితిలో ఉంటారు. ముంబైలో మనవాళ్లను చిరునామా అడిగితే కోపం వచ్చిన మేమే, ఇక్కడ ఒరియా మనిషిని "లోకల్ ప్రూఫ్ లేదా" అని అడిగిన సందర్భాలున్నాయి. హిందీ వచ్చినవాళ్లతో "రోజ్ ఏక్ గోలీ, చాయ్ కే సాథ్" అని నెట్టుకొస్తాం. ఒరియా మాత్రమే వచ్చినవాళ్లకు డబ్బా మీద పొద్దు బొమ్మ గీసి, ఎదురుగా ఒక గోలీ తీసి చూపించమంటాం. చెప్పించుకోవడం కన్నా చేయించి చూడడం నయం. బట్టీ యజమాని, మేస్త్రి పక్కన ఉంటే ఆ మాటే ఎత్తం.

బట్టీలు వానలకు ముందు మూతపడతాయి. జూన్‌లో మనవాళ్లు రైలు దిగే రోజుల్లోనే వాళ్లు రైలెక్కుతారు. పచ్చ పుస్తకంలో మేం ఏడాదంతా తెలుగులో గొలుసుకట్టుగా రాసిన మాటలు బలంగీర్ కౌంటర్‌లో ఎవరూ చదవలేరు. అందుకని మే నెల మూడో వారంలో బట్టీల జాబితా తీసి, ఒక్కో పుస్తకం చివరి పేజీలో మందు పేరు, మొదలైన తేదీ, చివరి వైరల్ లోడ్, ఇచ్చిన గోలీల సంఖ్య ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో మళ్లీ రాస్తాం.